లడ్డూ లందించు చుట్కి

పెద్దపల్లిలో బడి విడిచిన వేళ పెక్కిండ్ల నుండి ‘ఛోటా భీమ్’ కేకలు వినవచ్చుచుండును. ఈ బొమ్మల కథ పరదేశమునుండి వచ్చినది కాదు. హైదరాబాదున రాజీవ్ చిలకగారి గ్రీన్ గోల్డ్ సంస్థవారు నిర్మింపగా 2008లో పోగో ఛానెలున మొదలైనది. భీముని బలమును కొనియాడని పిల్లవాడు లేడు. ఆ బలమెక్కడిది? లడ్డూ తిన్నంతనే వచ్చును. ఆ లడ్డూ నందించునది చుట్కి.

ఢోలక్‌పురమున ఆమె తల్లి టున్‌టున్ మౌసికి మిఠాయి దుకాణము గలదు. కాలియా అసూయతో భీముని పరిహసించునపుడెల్ల చుట్కి వాని పక్షమున నిలుచును, సాహసములకు వెంట నడచును. అయినను పేరు భీమునిదే. 2019లో నెట్‌ఫ్లిక్సున వచ్చిన ‘మైటీ లిటిల్ భీమ్’లోను అంతియే. సంక్రాంతికి సకినాలు చుట్టి వ్రేళ్లు నొచ్చిన మన సోదరీమణులకు ఈ సంగతి విప్పి చెప్ప బనిలేదు!

2020 జూన్ మాసమున భీముడు రాకుమారి ఇందుమతిని పెండ్లాడెనని వదంతి పుట్టగా, చుట్కికి న్యాయము జరుగవలెనని సామాజిక మాధ్యమములలో పెద్ద గోల చెలరేగినది. పాత్రలన్నియు ఇంకను పిల్లలే, ఎవరికిని వివాహము కాలేదని నిర్మాతలు ప్రకటించిరి. మాకు నిర్మాతల మాటయే నచ్చినది. పసిపిల్లకు న్యాయమనగా పెండ్లియేనా? ఆమెకు వలసినది వరుడు కాదు. తన పేరిట నడచు కథ, తన బుద్ధిచే తీరు ఆపద.

ఇంటిలో పిల్లలు భీముని ఆట లాడునపుడు లడ్డూ తెచ్చు పని ఎవరికి ఒప్పగించుచున్నారో తల్లులు ఒకమారు తొంగి చూతురు గాక.