ఆ ఏరియానా... వద్దు బిడ్డా!

అనంతగిరి నుంచి చదువుకో, కొలువుకో పిల్లలు బయల్దేరితే దారులు మూడే. కోదాడలో హైవే ఎక్కితే ఇటు హైదరాబాదు, అటు విజయవాడ. కాదంటే ఖమ్మం. సీటొచ్చింది. ఫీజుకు డబ్బు సర్దారు. బట్టలూ సర్దేశారు. అసలు పంచాయితీ అప్పుడు మొదలవుతుంది... ‘ఎక్కడుంటావు?’

సింగ్‌నగర్‌లో రూము చవగ్గా దొరికిందంటే మేనమామ ఉలిక్కిపడతాడు. ‘అక్కడా? వద్దు బిడ్డా, అంతా రౌడీలు’. ధూల్‌పేట పక్క సందు అంటే బాబాయి మొహం మాడ్చుకుంటాడు. ముంబయిలో ఉద్యోగమొచ్చింది, ధారావి దగ్గర ఉంటానంటే ఇక ఆ పూట ఇంట్లో అన్నం సహించదు. ఇంతాచేసి, ఈ తీర్పులిచ్చేవాళ్లలో ఆ పేటల్లో ఒక్క రాత్రయినా నిద్రచేసినవాళ్లు ఎంతమంది? ఒకరు సినిమాలో చూశారు. ఇంకొకరు ముప్పై ఏళ్ల కిందట ఎవరో చెప్పగా విన్నారు. పేటలకు చెడ్డపేరు అలా పడిపోతుంది. ఒకసారి పడితే ఓ పట్టాన చెరగదు.

అలాగని పెద్దల భయాన్ని కొట్టిపారేయలేం. ఆడపిల్లను ఊరుగాని ఊళ్లో వదిలి వెనక్కి బస్సెక్కే తల్లికి ‘ఏం భయం లేదమ్మా’ అని చెబితే సరిపోతుందా? భయపడాల్సిందే. కాకపోతే దేనికి భయపడుతున్నామో తెలిసి భయపడాలి.

చదువుకున్నవాళ్లు లెక్కలు చూసి తేల్చేద్దామనుకుంటారు. జాతీయ నేర గణాంకాల సంస్థ 19 మహానగరాల లెక్కలు ప్రకటిస్తుంది. 2022లో లక్ష జనాభాకు నమోదైన నేరాలు కోల్‌కతాలో 86.5, పుణెలో 280.7, హైదరాబాదులో 299.2. తక్కువ నేరాల వరుసలో మన రాజధానిది మూడోస్థానం. సంతోషమే. అయితే పోలీసులు రాసుకుంటేనే కేసు లెక్కకెక్కుతుంది. ఫిర్యాదులు బాగా తీసుకునే ఊళ్లో అంకె పెరుగుతుంది, స్టేషను గుమ్మం దగ్గరే సర్దిచెప్పి పంపేచోట తగ్గుతుంది. కేసులు పెరిగినంత మాత్రాన నేరాలు పెరిగినట్టు కాదని ఆ సంస్థే చెబుతోంది. పైగా బంజారాహిల్స్‌కూ ధూల్‌పేటకూ కలిపి ఒకటే అంకె. రూము వెతుక్కునే పిల్లకు అదేం పనికొస్తుంది?

మనకు దగ్గరి పట్నం విజయవాడనే చూద్దాం. కోదాడ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. డెబ్బై, ఎనభై దశకాల్లో అక్కడి ముఠా కక్షలు రాష్ట్రమంతటా చెప్పుకున్నారు. 1988 డిసెంబరు 26న ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా హత్య, ఆ తర్వాతి అల్లర్లు, కర్ఫ్యూ... ఆ రోజులు చూసిన తరం బెజవాడ అనగానే ఇప్పటికీ ఓసారి ఆగుతుంది. సింగ్‌నగర్, కృష్ణలంక లాంటి పేర్లు చెబితే ఇంకాస్త ఎక్కువసేపు ఆగుతుంది.

కానీ 2024 సెప్టెంబరు 1న సింగ్‌నగర్‌ను ముంచింది రౌడీలు కాదు, బుడమేరు. గండ్లు పడి వచ్చిన నీళ్లు రోజుల తరబడి కదల్లేదు. జనం మేడల మీదా, ఫ్లైఓవర్ మీదా ఎదురుచూశారు. పడవలు తిరిగాయి, డ్రోన్లతో అన్నం పొట్లాలు జారవిడిచారు. ఆ మర్నాడే కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద. నది ఒడ్డునే ఉన్న కృష్ణలంక మునగాలి కదా? 2009 అక్టోబరు వరదకు లోతట్టు ఇళ్లు మునిగాయి కూడా. ఈసారి రిటైనింగ్ వాల్ కాపాడింది. పాతికేళ్ల కిందట మన మేనమామ రెండు పేర్లనూ ఒకే గాటన కట్టేశాడు. ఒకదానికి గోడ వచ్చింది, ఇంకోదానికి రాలేదు. ఆ సెప్టెంబరులో ఎవరు ఎక్కడ క్షేమంగా ఉన్నారన్నది ఆ గోడే తేల్చింది.

ఈ సంగతి మన ప్రాంతానికి విడమరచి చెప్పక్కర్లేదు. ఆ వానకే కోదాడ వీధులు వాగులయ్యాయి, ఇద్దరి ప్రాణాలు పోయాయి. నడిగూడెం మండలం రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. ఖమ్మంలో మున్నేరు 36 అడుగులు దాటింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని జేసీబీ తోలుకెళ్లిన ఒక డ్రైవరు ఒడ్డుకు చేర్చాడు. ‘సొంతూళ్లో ఉంటే చాలు, ఏ భయమూ ఉండదు’ అనుకునేవాళ్లు ఆ రాత్రి కూడా గుర్తు తెచ్చుకోవాలి.

విజయవాడలోనే ఇంకో లోకం కొండల మీద ఉంది. కింద స్థలం కొనలేనివాళ్లు వాలులో ఇల్లు కట్టుకున్నారు. గ్యాసుబండ, నీళ్లబిందె, కాన్పుకు వెళ్లే మనిషి... అంతా మెట్ల మీదే. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. అక్కడ ఉండేవారికి ఏది ఎక్కువ ప్రమాదమో దొంగతనాల లెక్కలు చూస్తే తెలుస్తుందా?

కొండవాలు బస్తీ అంటే దక్షిణ అమెరికాలోని మెడెలిన్ గుర్తొస్తుంది. కొలంబియా దేశంలో పెద్ద నగరం. 1991లో లక్ష జనాభాకు దాదాపు 380 హత్యలు జరిగాయక్కడ. ప్రపంచంలోకెల్లా భయంకరమైన ఊరన్నారు. 2004లో కొండ మీది పేదల పేటలకు తీగ మీద నడిచే కేబుల్ కార్లు వేశారు. 2011లో ‘కొమునా 13’ అనే పేటలో ఆరుబయట ఎస్కలేటర్లు కట్టారు. అంతకుముందు అక్కడి ముసలివాళ్లు ఎక్కాల్సిన ఎత్తు 28 అంతస్తులకు సమానం. మనకు ఎస్కలేటరంటే షాపింగ్ మాల్, వాళ్లకు ఇంటిదారి! ఇప్పుడు అక్కడికి విదేశీయులు ఫొటోలు దిగడానికి వెళ్తున్నారు. హత్యలు చాలా తగ్గాయి. ఎస్కలేటర్ల వల్లే తగ్గాయనుకుంటే మాత్రం అమాయకత్వం. 2002లో అదే పేటలో సైన్యం దాడి చేసిన రోజుల్లో మాయమైపోయిన తమవాళ్ల కోసం తల్లులు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు.

ఇక హైదరాబాదు. ధూల్‌పేటకు పేరు ఊరికే రాలేదు. ఏళ్ల తరబడి గుడుంబా కాచారు. దాన్ని అణిచాక గంజాయి వచ్చింది. 2024లో ఎక్సైజ్ శాఖ ‘ఆపరేషన్ ధూల్‌పేట’ అని ప్రత్యేకంగా దాడులు చేయాల్సి వచ్చింది. ఇది కాదనలేని నిజం. వినాయక చవితికి విగ్రహాలు, సంక్రాంతికి పతంగులు, పున్నమికి రాఖీలు ఆ సందుల్లోనే తయారవుతాయన్నదీ అంతే నిజం. మన మండపంలో పూజలందుకునే గణపయ్య ఎక్కణ్నుంచి వచ్చాడో ఎవరూ అడగరు. అక్కడి కుర్రాడు ఉద్యోగానికి వెళ్తే మాత్రం అడ్రసు అడుగుతారు.

నగరాన్ని వణికించిన ఘోరాలు ఎక్కడ జరిగాయో ఒకసారి తలచుకోండి. 2019 నవంబరులో పశువైద్యురాలిపై దారుణం జరిగింది ఏ బస్తీలోనూ కాదు, ఔటర్ రింగ్‌రోడ్డు పక్కన, టోల్‌ప్లాజా సమీపంలో. 2022 మేలో మైనర్ బాలికపై అఘాయిత్యం జరిగింది ఖరీదైన జూబ్లీహిల్స్‌లో, కారులో. పోలీసుల నిర్బంధ తనిఖీలు మాత్రం ఎక్కువగా జరిగేది బస్తీల్లోనే. తెల్లారకముందే తలుపులు కొట్టి బండి కాగితాలు అడిగేది వాళ్లనే.

బస్తీలన్నీ స్వర్గాలని నేననడం లేదు. తాగుబోతు గొడవలూ, సెల్‌ఫోన్ లాక్కుపోయేవాళ్లూ, మూలమీద కూర్చుని కామెంట్లు చేసే కుర్రాళ్లూ ఉంటారు. కానీ రాత్రి పదింటికి వీధిలో ఇస్త్రీబండి, పాన్‌డబ్బా, గడప మీద కూర్చున్న ముసలమ్మ ఉన్నారంటే అరుపు వినేవాళ్లు ఉన్నట్టే. జేన్ జేకబ్స్ అనే అమెరికా రచయిత్రి 1961లోనే ఈ విషయం వివరంగా రాసింది. వీధిని కాపాడేది ముందుగా ఆ వీధి మీద ఉండే కళ్లేనని ఆమె వాదన. పదివేలు అద్దె ఎక్కువ పోసి నిర్మానుష్యమైన కొత్త కాలనీలో పిల్లను పెట్టి, మెయిన్‌రోడ్డు నుంచి కిలోమీటరున్నర చీకట్లో నడిపించడం కంటే ఇరుకు సందే నయమని నా లెక్క.

ముంబయి పేర్ల కథ ఇంకా విచిత్రం. కామాఠీపుర అనగానే తలదించుకుంటాం. ఆ ‘కామాఠీ’లు ఎవరో కాదు, నిజాం ఏలుబడిలోని తెలుగునేల నుంచి వెళ్లి బొంబాయి కట్టడాలకు మట్టి మోసిన కూలీలు. పేరు మనవాళ్లది, మచ్చ తర్వాత వచ్చింది. ధారావి సంగతికొస్తే, రెండు చదరపు కిలోమీటర్లకు కాస్త అటూఇటూ ఉన్న చోట లక్షలమంది. 2020లో కరోనా వచ్చినప్పుడు అక్కడ శవాల గుట్టలే అనుకున్నారంతా. ఇంటింటికీ తిరిగి రోగుల్ని వెతికి వేరుచేసిన తీరును ఆ జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెచ్చుకుంది. అయితే ఆ వేళ మున్సిపాలిటీ చెప్పిన ఇంకో మాట నన్ను ఎక్కువ కలవరపెట్టింది. అక్కడ 80 శాతం జనం వాడేది 450 సామూహిక మరుగుదొడ్లనే. అర్ధరాత్రి ఆడమనిషి ఆ దొడ్డిదాకా వెళ్లి రావడమే భద్రతకు మొదటి పరీక్ష. సినిమాలో గ్యాంగ్‌స్టర్ కనిపిస్తాడు గానీ ఈ నడక కనిపించదు.

సూరత్ గురించి మన నేత కుటుంబాలను అడగండి. నల్గొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల నుంచి మగ్గం పనికి వెళ్లి లింబాయత్‌లో స్థిరపడ్డవాళ్లు వేలల్లో ఉన్నారు. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త రాగానే లక్షలమంది రైళ్లెక్కి పారిపోయారు. వరదనీళ్లు తీశాక కుళ్లిన చెత్త ఎత్తేవాడు లేని ఊరది. 1995లో ఎస్.ఆర్. రావు కమిషనరుగా వచ్చారు. ‘ఏసీ టు డీసీ’ అన్నారు. అంటే ఏసీ గదుల్లోంచి లేచి రోజువారీ పనుల్లోకి దిగమని. అధికారులు పొద్దున్నే వీధుల్లో ఉండాలి. ఆక్రమణ పెద్దవాళ్లదైనా కూల్చారు. 1996లో ఇంటాక్ సంస్థ చండీగఢ్ తర్వాత రెండో పరిశుభ్ర నగరంగా సూరత్‌ను ఎంచింది. బస్తీల్లో మనుషులు మారలేదు, చీపురు పట్టే వేళలు మారాయి.

చివరికి అమెరికా. 2023 జనవరిలో చికాగోలో దోపిడీ దొంగల కాల్పులకు విజయవాడ కుర్రాడొకరు బలయ్యాడు. ఆ దేశంలో దిగి ఎన్నో రోజులు కాలేదు. కొత్త ఊళ్లో ఏ వీధిలో ఎన్నింటికి దిగాలో, ఎక్కడ ఆగకూడదో చెప్పేవాళ్లు దొరక్క ముందు గడిపే రోజులే అన్నిటికంటే గండం. ఇది చికాగోకెంత నిజమో, అనంతగిరి నుంచి మొదటిసారి హైదరాబాదులో దిగిన పిల్లకూ అంతే నిజం.

అందుకే రూము చూడ్డానికి పగలొకసారి, రాత్రి తొమ్మిదిన్నరకు ఇంకోసారి వెళ్లండి. బస్సు దిగిన చోటు నుంచి గది దాకా పిల్లతో కలిసి నడవండి. లైట్లు ఎక్కడ ఆగిపోతున్నాయో చూడండి. గోడల మీద నీళ్లు నిలిచిన చార ఉందేమో గమనించండి, ఉంటే ఏ ఏడాదిదో కిరాణా కొట్టామెను అడగండి. బాత్రూం గదిలోనే ఉందా, బయటా? తలుపుకు లోపలి గడియ సరిగ్గా పడుతుందా? 112 నంబరు ఫోన్లో ఎలాగూ ఉంటుంది. ఇంటి ఓనరు నంబరుతోపాటు ఎదురింటివాళ్ల నంబరూ అడిగి రాసుకోండి. ఓనరు మియాపూర్‌లో ఉండొచ్చు, ఎదురింటామె మాత్రం ఆ వీధిలోనే ఉంటుంది.