కట్టె గుళికలు: ధర తూకానికా, పొడి సరుకుకా?

థర్మల్ విద్యుత్కేంద్రములు బొగ్గుతోపాటు 5 శాతము మేరకు, ముఖ్యముగా పంట వ్యర్థములతో చేసిన గుళికలను కాల్చవలెనని కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2021 అక్టోబరులో తన విధానమును సవరించినది. చేనిగట్టున తగులబెట్టుచుండిన పత్తికట్టె దీనితో అమ్ముకొనదగిన సరుకైనది. అయితే పెల్లెట్లనబడు ఈ గుళికలెట్లు తయారగునో, వాని మంచిచెడ్డలెట్లు తేల్చుదురో తెలిసిన రైతే న్యాయమైన ధర అడుగగలడు.

ముడిసరుకును తేమ 10–15 శాతమునకు దిగువరకు ఆరబెట్టి, హామర్ మిల్లులో పొడిచేసి, సన్నని రంధ్రములుగల ఉక్కు అచ్చుగుండా గొప్ప ఒత్తిడితో నెట్టుదురు. రాపిడివలన పుట్టిన వేడికి కట్టెలోని లిగ్నిన్ అను పదార్థము మెత్తబడి జిగురువలె పనిచేయును. చల్లారిన పిదప గుళిక గట్టిపడును. తేమ ఎక్కువైనచో గుళిక విచ్చిపోవును. మరీ తక్కువైనను సరిగా అతుకదు.

ఐ.ఎస్.ఓ. 17225-2 అను అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము మేలురకపు కట్టె గుళికలలో తేమ 10 శాతమునకు, బూడిద 0.7 శాతమునకు మించరాదు. ఘనమీటరు గుళికలు 600 కిలోలకు తగ్గరాదు. పంట వ్యర్థములలో బూడిద సహజముగానే ఎక్కువ. వరి ఊకలో అది సుమారు 20 శాతము. దానికి తోడు వేళ్లకంటిన మన్ను కూడ చేరినచో బాయిలరులో చిట్టెము కట్టును. రంగు, నిగనిగ నాణ్యతకు గురుతులు కావు. మంచి గుళిక నీటిలో వేయగానే మునుగును. సంచి అడుగున పొడి మిగులదు.

ఇక అసలు విషయము. ఒక రైతు వద్ద 40 శాతము తేమగల పత్తికట్టె 400 కిలోలు ఉన్నదనుకొందము. అందు నీరు 160 కిలోలు, పొడి సరుకు 240 కిలోలు. అతడు శ్రమపడి 20 శాతమునకు ఆరబెట్టినచో తూకము 300 కిలోలకు దిగును. పొడి సరుకు మాత్రము అదే 240 కిలోలు. మిల్లుకు తరుగు పోను రెండు విధముల వచ్చు గుళికలు ఒక్కటే; పైగా ఆరిన సరుకువలన ఆరబెట్టు ఖర్చు తగ్గును. ఉత్త తూకమునకే ధర కట్టినచో, కష్టపడి ఆరబెట్టిన రైతు 100 కిలోల ధర పోగొట్టుకొనును. పచ్చికట్టె తోలినవాడు నీటికి కూడ డబ్బు పుచ్చుకొనును. ఇట్టి బేరములో మంచి సరుకు తెచ్చు రైతెవరు?

బండి బండికి పరీక్ష చేయుట కష్టమని మిల్లుదారులనవచ్చును. ధాన్యము కొనునప్పుడు తేమ చూచుట మనకు క్రొత్త కాదు గదా! కట్టెకు తగిన తేమ మీటరుతో ఈ పని నిమిషములలో ముగియును. కావున పొడి సరుకు లెక్కనే ధర కట్టవలెను. మన్నుకు కోత విధించినచో, శుభ్రమైన సరుకుకు హెచ్చు ధర కూడ ఈయవలెను. గ్రామాధికారులు కాటా వద్ద తేమ లెక్కను రైతు ఎదుటనే వ్రాయించవలెను. రైతులు కట్టెను మన్ను దులిపి, కళ్లమున ఆరబెట్టి, ఆలస్యము చేయక అమ్మవలెను. పత్తికట్టెను చేనిలో నిలువ ఉంచకుండుట గులాబిరంగు పురుగు నివారణకు కూడ మేలు.