క్లచ్‌తో పాటు ఫ్లైవీల్ కూడా మార్చాలా?

పల్లెల్లో కారు ఇప్పుడు షోకు వస్తువు కాదు. పెళ్లిళ్లకు, ఆసుపత్రికి, మార్కెట్ యార్డుకు బాడుగకు తిరిగే ఒక్క బండి మీద ఇంటిల్లిపాదీ బతికేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అటువంటి బండికి క్లచ్ పోయి షెడ్డుకు చేరితే వినబడే మాట ఒకటుంది: "ఎలాగూ గేర్‌బాక్సు దించాం గదా, ఫ్లైవీల్ కూడా తేలికది వేసేద్దాం, బండి గాలిలా పోతుంది." ఇందులో మొదటి మాట నిజం. రెండోది బాడుగ బండికి పనికిరాని సలహా.

క్లచ్ పనిలో శ్రమంతా గేర్‌బాక్సు దించి ఎక్కించడంలోనే ఉంది. ఇంజను క్రాంక్‌షాఫ్టు చివర బోల్టులతో బిగించిన ఫ్లైవీల్ అప్పుడే బయటపడుతుంది. దాన్ని చూడకుండా మూసేస్తే కొన్నాళ్లకు మళ్లీ అదే కూలి ఇవ్వాలి. కనుక చూడవలసిందే. అయితే చూడటం వేరు, మార్చడం వేరు.

ఫ్లైవీల్ ఎందుకంత బరువో రైతులకు వేరే చెప్పనక్కరలేదు. పొలాల్లో నీళ్లు తోడిన పాత ఆయిలింజనుకు ఉండే పెద్ద ఇనుప చక్రాలను చూసినవారే గదా. ఒక్క సిలిండరు ఇంజనులో చక్రం రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి మంట పుడుతుంది. మిగతా తిరుగుడంతా చక్రం దాచుకున్న ఊపుతోనే. నాలుగు సిలిండర్ల కారులో ఒక్కో చుట్టుకు రెండు మంటలు పుడతాయి కాబట్టి అంత పెద్ద చక్రం అక్కరలేదు. అయినా పని అదే. అదే కొలతలో బరువు సగం చేస్తే, అదే వేగంలో దాచుకునే ఊపూ సగమవుతుంది. పందెపు కారుకు అది లాభమే, ఇంజను చప్పున అందుకుంటుంది. నిండా జనంతో కాలువ గట్టు ఎక్కేటప్పుడు మాత్రం క్లచ్ వదలగానే ఇంజను ఆగిపోతుంది. ఆగకుండా డ్రైవరు హాఫ్ క్లచ్ మీద లాగుతాడు, కొత్త ప్లేటు కాలిపోతుంది.

మరి ఏం చూడాలి? ఫ్లైవీల్ ముఖం మీద సన్నటి గీతలుంటే లేతు మీద ఫేసింగ్ కొట్టిస్తే చాలు. క్లచ్ కవరు కూర్చునే అంచు వేరే ఎత్తులో ఉన్న రకమైతే రెండు చోట్లా సమానంగా తీయాలి. తొందరలో కొందరు ఇది మరుస్తారు. వేడికి నీలం మచ్చలు లోతుగా దిగినా, బీటలు కనబడినా, కంపెనీ చెప్పిన మందం కంటే తగ్గినా మార్చక తప్పదు. సెల్ఫ్ మోటారు పట్టుకునే పళ్లు మాత్రమే అరిగితే, చాలా బండ్లలో ఆ రింగు ఒక్కటే వేడిచేసి మార్చవచ్చు. దానికి ఫ్లైవీల్ మొత్తం కొనిపించడం అన్యాయం.

కొన్ని డీజిలు కార్లలో రెండు పలకల మధ్య స్ప్రింగులున్న ఫ్లైవీల్ ఉంటుంది. ఖరీదు ఎక్కువ. దాన్ని లేతు మీద పెట్టకూడదు. పలకల మధ్య ఆట హద్దు మీరితే మార్చాల్సిందే. దాని బదులు ఒకే దిమ్మగా ఉన్నది వేస్తే ఖర్చు తగ్గేమాట నిజమే గాని, స్ప్రింగులు మింగే అదురు గేర్‌బాక్సుకు చేరుతుంది. వేయక తప్పకపోతే ఆ మోడలుకే తయారైన సెట్టు, స్ప్రింగులున్న క్లచ్ ప్లేటుతో సహా వేయించాలి. ఊరూపేరూ లేని పోత ఇనుము దిమ్మను అసలు ఒప్పుకోవద్దు. నిమిషానికి 4,000 చుట్లు తిరిగేది పగిలితే ముక్కలు వచ్చేది డ్రైవరు కాళ్ల దగ్గరికే.

ఫ్లైవీల్ కోసం దాచిన డబ్బుతో దాని వెనకనున్న ఆయిల్ సీలు, రిలీజ్ బేరింగు మార్పించుకోవడం మేలు. ఆయిల్ కారిందంటే కొత్త ప్లేటు జారడం మొదలవుతుంది. క్లచ్ సామానుపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం బదులు 18 శాతమే. డ్రైవరు సోదరులు బిల్లు అడిగి తీసుకోవాలి.

ఐ.టి.ఐ.లలో డీజిలు మెకానిక్ కోర్సు ఉంది. విప్పిన క్లచ్, అరిగిన ఫ్లైవీల్ ఎలా ఉంటాయో నెలకొక పూట అక్కడే డ్రైవర్లకు చూపించే ఏర్పాటును జిల్లా అధికారులు ఆలోచించాలి.