ప్రోగ్రాము ఒకచోట, దస్తావేజులు వేరొకచోట

ప్రతి సంవత్సరము వేసవి పరీక్షలు సమీపించుచున్నవనగా కళాశాలల చుట్టుప్రక్కల గల జిరాక్సు దుకాణములలో ఒక దృశ్యము కనబడును. చివరి సంవత్సరపు కంప్యూటరు విద్యార్థులు నల్లని రెక్సిను అట్టలపై బంగారు రంగు అక్షరములతో తమ ప్రాజెక్టు పేరు అచ్చొత్తించుకొని, ఆ ప్రతులను చంకన పెట్టుకొని సంతోషముగా పోవుచుందురు. లోపల కృతజ్ఞతలు, పట్టికలు, బాణపు గుర్తుల చిత్రములు, గురువుల సంతకములు అన్నియు క్రమముగనే యుండును. కాని ఆ గ్రంథములో వర్ణింపబడిన ప్రోగ్రాము ఎక్కడ నున్నదని ప్రశ్నించినచో "అది మా స్నేహితుని ల్యాప్‌టాప్‌లో ఉన్నది సార్" అను సమాధానమే తరచుగా వినవలసి వచ్చుచున్నది. అమీర్‌పేటలో సిద్ధముగా దొరకు ప్రాజెక్టులను కొనితెచ్చుకొనువారి సంగతి నేనిక్కడ ఎత్తుట లేదు. స్వయముగా, నిజాయితీగా, రాత్రులు మేల్కొని పనిచేసిన విద్యార్థులను గూర్చియే నా బాధ.

దస్తావేజు, దఫ్తరు, ఖాతా, రసీదు, హాజరు - ఈ మాటలన్నియు ఉర్దూ ద్వారా తెలుగువారి నాలుకలపై స్థిరపడినవే. కాగితమును కాపాడుకొను అలవాటు మన రెండు భాషలవారికిని కొత్తది కాదు. పొలము పట్టాను ఇనుప పెట్టెలో బట్టచుట్టి దాచిన తాతల మనుమలము మనము. అటువంటి మనము కంప్యూటరు ముందు కూర్చున్నంతనే ఆ జాగ్రత్తను ఎందుచేత మరచిపోవుచున్నాము?

సాఫ్ట్‌వేరు నిర్మాణములో ప్రోగ్రామును అంటిపెట్టుకొని రెండు వస్తువులుండును. ఒకటి దస్తావేజులు, అనగా ఈ ప్రోగ్రాము ఎందుకు పుట్టినది, ఎట్లు నడుచును, ఎక్కడ కుంటుపడును అని మనుష్యులకు చెప్పు వ్రాతలు. రెండవది స్క్రిప్టులు, అనగా మనము వరుసగా టైపు చేయవలసిన ఆజ్ఞలను ఒక ఫైలులో వ్రాసిపెట్టి కంప్యూటరుకు అప్పగించు చిన్న ప్రోగ్రాములు. నా దృష్టిలో ఈ రెండును ఒకే జాతివి. దస్తావేజు మనిషి చదువు విధానము. స్క్రిప్టు యంత్రము చదువు విధానము. ఒకటి మారి రెండవది మారకపోయినచో, రెండింటిలో ఒకటి అబద్ధమాడుచున్నదని అర్థము. కనుక ఇవి ప్రోగ్రాముతోపాటు ఒకే ఇంట నివసించవలెను, అది మారిన దినముననే తామును మారవలెను. ఈ ఒక్క మాట చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

నా అనుభవమొకటి చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రితము నేను పనిచేసిన ఒక విద్యాసంస్థలో విద్యార్థులే హాజరు లెక్కించు ప్రోగ్రామును తయారుచేసినారు. అది రెండు సంవత్సరములు చక్కగా నడిచినది. నెలాఖరున మూడు ఆజ్ఞలను ఒక వరుసలో ఇవ్వవలెను. ఆ వరుస ఒక్క విద్యార్థికే తెలియును. అతడు చదువు ముగించి రియాద్‌లో ఉద్యోగమునకు వెళ్ళిపోయినాడు. మరుసటి నెల నేను ఫోల్డరు తెరచి చూతును గదా, 'రన్', 'రన్ న్యూ', 'రన్ ఫైనల్', 'రన్ ఫైనల్ 2' అని నాలుగు స్క్రిప్టులు నన్ను చూచి నవ్వుచున్నవి! వివరణ పత్రములో పేర్కొనబడిన ఫైళ్ళలో సగము ఫోల్డరులో లేనే లేవు. అన్నిటికంటె చివరిదే సరియైనది కావలెనని తలచి నేను 'ఫైనల్ 2'ను నడిపితిని. ఆ స్క్రిప్టు ఒక సెక్షనుకు ఒక నెల పనిదినములను రెండుమార్లు కలిపినది. నాలుగు నెలల లెక్క ఐదు నెలలదయినది. నూటికి తొంబది వంతుల హాజరు గల ఒక బాలికకు డెబ్బదిరెండు వంతులే తేలి, ఆమె పేరు హాల్ టికెట్టు నిరాకరింపబడిన వారి జాబితాలో నోటీసు బోర్డునకెక్కినది. ఆమె తండ్రి దుకాణము మూసుకొని వచ్చి, ఏమియు అనక, నా గది ముందు బెంచీపై కూర్చున్నాడు. కాగితపు హాజరు పట్టీలను ముందర వేసుకొని లెక్క సరిదిద్దుటకు రెండు దినములు పట్టినది. ఆ ప్రోగ్రాము వ్రాసిన విద్యార్థి తెలివితక్కువవాడు కాదు. ఎవరినైనను తప్పు పట్టవలసి యున్నచో, అతడు వెళ్ళుటకు ముందు ఒక్క గంట కూర్చుండబెట్టి వ్రాయించుకొనని నన్నే పట్టవలెను.

మనది చిన్న కళాశాల ముచ్చట, పెద్ద సంస్థలలో ఇట్లు జరుగదని కొందరనుకొందురు. 2017 జనవరి 31వ తేదీ రాత్రి గిట్‌ల్యాబ్ అను సంస్థలో జరిగినదానిని వారు తెలిసికొనవలెను. ఇతరుల ప్రోగ్రాములను భద్రపరచుటయే ఆ సంస్థ వృత్తి! వారి సమాచారనిధి ఒక ప్రధాన యంత్రమునందును, దాని నకలు మరియొక యంత్రమునందును ఉండెను. నకలు వెనుకబడిపోవుటచే ఒక ఇంజనీరు దానిని మరల సిద్ధపరచబూనినాడు. ఆయన ఇచ్చిన ఆజ్ఞ ఏ సమాధానమును చూపక నిలిచిపోయినది. నిజమునకు అది ప్రధాన యంత్రము సమాచారము పంపుటకై ఎదురుచూచుచు మౌనముగా నుండెను. ఈ మౌనము దాని స్వభావమేయని సంస్థ నియమావళి పత్రములలోగాని, ఆ ఉపకరణపు అధికారిక వివరణలోగాని స్పష్టముగా వ్రాసియుండలేదు. నకలు యంత్రములోని పాత ఫోల్డరే అడ్డుగా నున్నదని తలచి ఆయన దానిని తొలగించు ఆజ్ఞ ఇచ్చినాడు. తీరా ఇచ్చినది ప్రధాన యంత్రముపై! ఒకటి రెండు క్షణములలో పొరపాటు గ్రహించి ఆపినాడు గాని అప్పటికే సుమారు 300 గిగాబైట్ల సమాచారము తుడిచిపెట్టుకొని పోయినది.

అసలు చెప్పుకొనవలసిన కథ దీని తరువాతిది. ప్రతి దినము సమాచారనిధికి నకలు తీసి దూరముగా దాచు స్క్రిప్టు ఒకటి వారికుండెను. తెరచి చూడగా ఆ దాచుచోటు ఖాళీగా నున్నది. సమాచారనిధి పోస్ట్‌గ్రెస్ 9.6వ కూర్పు కాగా, నకలు తీయు ఉపకరణము 9.2వ కూర్పుది; అది పొరపాటు చూపి ఆగిపోవుచుండెను. ఆగినపుడెల్ల హెచ్చరిక ఉత్తరము పంపునట్లు ఏర్పాటు చేసిరిగాని, ఆ ఉత్తరములకు తగిన సంతకపు ముద్ర లేనందున తపాలా యంత్రము వానిని త్రోసిపుచ్చినది. ఒక ఇంజనీరు వేరొక పనికై ఆరు గంటలకు ముందు తన చేతితో తీసిన నకలు దొరుకుట వారి అదృష్టము. అయినను సుమారు 5,000 ప్రాజెక్టుల వివరములు, అన్నియే వ్యాఖ్యలు, 700 మంది క్రొత్త సభ్యుల ఖాతాలు నష్టమునకు లోనయినవి. ఆ సంస్థవారు ఈ సంగతిని దాచక, తమ లోపములన్నిటిని పేరుపేరున బహిరంగముగా ప్రకటించినారు. అందులకు వారిని మెచ్చుకొనవలెను. మన కార్యాలయములలో ఎన్నింటికి ఆ ధైర్యము కలదు?

ఇక చక్కగా నడచు ఇంటిని చూతము. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్స్ కెర్నెల్‌ను నేడు లోకములోని వేలాది మంది కలిసి నిర్మించుచున్నారు. దాని మూలప్రతిని ఎవరైనను తెరచి చూడవచ్చును. ఇంటి వాకిటనే 'డాక్యుమెంటేషన్' అను ఫోల్డరును, 'స్క్రిప్ట్స్' అను ఫోల్డరును ప్రోగ్రాము భాగముల ప్రక్కనే, వానితో సమానమైన పీటపై కూర్చుండును. కెర్నెల్‌కు వెలుపలి ప్రోగ్రాములతో సంబంధము కలిగించు క్రొత్త ద్వారమును తెరచువారు దాని వివరణను కూడ వ్రాయవలెనని అక్కడి నియమము. ఆ ద్వారముల దస్తావేజులను నాలుగు అరలలో సర్దినారు: స్థిరమైనవి, పరీక్షలో నున్నవి, కాలము చెల్లుచున్నవి, తొలగింపబడినవి. ఈ నాలుగవ అర నాకు ఎంతో నచ్చినది. పోయినదానిని మౌనముగా చింపివేయక, ఇది ఉండెడిది, ఇప్పుడు లేదు అని వ్రాసిపెట్టుట ఎంతటి మర్యాద! పూర్వము వివరణలు పలు రూపములలో చెదరియుండగా, 2016 నుండి జోనథన్ కార్బెట్ మొదలగువారు వానిని ఒకే వ్రాతపద్ధతిలోనికి మార్చుచు వచ్చినారు.

అక్కడి స్క్రిప్టులు దస్తావేజులకు కావలి కాయును. చెక్‌ప్యాచ్ అనునది సవరణలో శైలీదోషములను వెదకును; ఫైలును చేర్చినను తొలగించినను, బాధ్యుల పట్టికను కూడ సవరింపవలెనేమోయని అడుగును. సామాన్యముగా దొర్లు ఆంగ్ల వర్ణక్రమ దోషముల జాబితా కూడ ఆ ఫోల్డరులోనే కలదు! ఏ భాగమునకు ఎవరు బాధ్యులో తెలుపు స్క్రిప్టు వేరొకటి. వివరణలలో పేర్కొన్న ఫైళ్ళు నిజముగా ఉన్నవా లేవా అని తనిఖీ చేయునది ఇంకొకటి. అటువంటిది నా వద్ద నుండియున్నచో ఆ తండ్రి నా బెంచీపై కూర్చుండవలసిన అవసరము కలిగెడిది కాదేమో.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టినదియు కాదు. 1971 నవంబరు 3వ తేదీన వెలువడిన యూనిక్స్ మొదటి కరదీపికలోనే ఆజ్ఞల వివరణ క్రింద 'బగ్స్' అను శీర్షికతో దాని లోపములను, 'ఓనర్' అను శీర్షికతో దానికి బాధ్యుడైన వాని గుర్తును అచ్చువేసినారు. తమ వస్తువులోని లోపమును తామే వ్రాసిపెట్టుట చిన్నతనమని వారు తలచలేదు.

మా విద్యార్థులలో చురుకైనవారు ఒక వాదము చేయుచుందురు: మంచి ప్రోగ్రాము తనను తానే వివరించుకొనును, వేరు వ్రాత ఎందుకు అని. ఇందులో కొంత నిజము లేకపోలేదు. పేర్లు చక్కగా పెట్టినచో సగము వ్యాఖ్యానము తగ్గును. కాని ప్రోగ్రాము తాను ఏమి చేయునో మాత్రమే చెప్పగలదు. మూడు మార్గములలో ఈ మార్గమునే ఎందుకెంచుకొన్నారో, ఏ మార్గమున పోయి దెబ్బతిన్నారో అది చెప్పలేదు. మరికొందరు సమయము లేదందురు. రెక్సిను అట్ట వేయించుటకు, దానిలో ముప్పది పుటలు నింపుటకు దొరకిన సమయము ఫోల్డరులో ఒక పుట వ్రాయుటకు దొరకకపోవుట వింతయే. మన విశ్వవిద్యాలయ నియమములు అట్టకు మార్కులిచ్చుచు ఫోల్డరును చూడకపోవుటయే ఇందుకు మూలకారణమని నా నిశ్చితాభిప్రాయము. విద్యార్థి పరీక్షకుడు చూచుదానినే శుభ్రము చేయును.

నేను కోరునది పెద్దది కాదు. ఫోల్డరు ముఖద్వారమున 'రీడ్‌మీ' అను ఒక్క పుట ఉండవలెను. తెలుగులో వ్రాసినను, ఉర్దూలో వ్రాసినను, ఆంగ్లములో వ్రాసినను సరియే. స్క్రిప్టులన్నియు ఒకే గదిలో, చేయు పనిని తెలుపు పేర్లతో ఉండవలెను. 'ఫైనల్' అను మాటను ఏ ఫైలు పేరునను వాడరాదు. పాత రూపములను జ్ఞాపకముంచుకొనుటకు 2005లో టోర్వాల్డ్స్ తయారుచేసిన గిట్ వంటి ఉపకరణములుండగా ఫైళ్ళకు తోకలు తగిలించుట దేనికి? రహస్య పదములను మాత్రము ఆ పుటలోగాని స్క్రిప్టులలోగాని వ్రాయరాదు.

మౌఖిక పరీక్షకు ముందు, ఆ ప్రాజెక్టును ఎన్నడును చూడని ద్వితీయ సంవత్సరపు విద్యార్థి ఒకనికి ఫోల్డరును మాత్రమే ఇచ్చి, ఒక గంటలో దానిని నడిపింపుమనవలెనని నా ప్రతిపాదన. తయారుచేసినవారు ప్రక్కనుండి నోరు మెదపరాదు. అనధికారముగా నాలుగు ప్రాజెక్టులపై ఈ పరీక్ష జరిపి చూచితిని. రెండు నడిచినవి. ఒకటి మొదటి ఆజ్ఞకే ఆగిపోయినది. నాల్గవదాని వివరణలో ఒక ఫోల్డరు పాత పేరుతోనే మిగిలియుండెను. దానిని వ్రాసిన బాలిక తన జూనియరు తికమకపడుట చూచి, గంట ముగియగానే అక్కడికక్కడే ఐదు నిమిషములలో పేరు సరిదిద్ది, ఆ తరువాతనే ప్రతులను అట్ట వేయించుటకు తీసికొనిపోయినది.