మెడనొప్పికి మందులేని సూది: నమ్మవచ్చునా?

ప్రశ్న: పూతరేకులు తీయడం మా ఇంటి పని. రోజూ గంటల తరబడి కుండ ముందు కూర్చుంటాను. ఏడాదిగా మెడ, కుడిభుజం ఒకటే లాగుతున్నాయి. 'డ్రై నీడ్లింగ్' అనే సూదులు పది విడతలు వేయించుకుంటే పూర్తిగా పోతుందనీ, పరిశోధనల్లో రుజువైందనీ చెప్పి, డబ్బు ముందే కట్టమంటున్నారు. కట్టమంటారా?
- ఒక సోదరి, ఆత్రేయపురం

జవాబు: ముందుగా డబ్బు కట్టకండమ్మా. ఆ సూది ఉత్త మోసమని కాదు. రుజువైందన్న మాటలో ఎంత నిజముందో తెలుసుకున్నాక నిర్ణయించుకోండి.

ఏమిటీ సూది?

ఇందులో మందు ఉండదు. కండరంలో బిగుసుకుపోయి, నొక్కితే ప్రాణం పోయినట్లుండే చోట సన్నని సూది గుచ్చుతారు. చూడడానికి ఆక్యుపంక్చర్ సూదిలాగే ఉంటుంది గాని, సిద్ధాంతం వేరు. ఈ బిగుసుకున్న చోట్లకు 'ట్రిగ్గర్ పాయింట్లు' అని పేరు. అమెరికా వైద్యులు జానెట్ ట్రావెల్, డేవిడ్ సైమన్స్ 1983లో రాసిన గ్రంథంతో ఇవి బాగా ప్రచారంలోకి వచ్చాయి.

పరిశోధనలు ఏమంటున్నాయి?

1979లో కారెల్ లూయిట్ అనే చెక్ వైద్యుడు 241 మంది రోగులకు ఇలా సూదులు గుచ్చి, నూటికి 87 వంతుల సందర్భాలలో వెంటనే నొప్పి తగ్గిందని ప్రకటించాడు. వినడానికి గొప్పగానే ఉంది. కాని పోల్చి చూడడానికి సూది గుచ్చని రోగులు అందులో లేరు.

పోలిక ఎందుకంటారా? కొత్త బియ్యంతో రేకు బాగా వస్తుందో లేదో తేల్చాలంటే కుండ, మంట, తీసే చెయ్యి మార్చకుండా బియ్యం ఒక్కటే మార్చి చూస్తారు గదా! నొప్పి సంగతీ అంతే. కండరాల నొప్పి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా పెరిగినప్పుడే మనం వైద్యం కోసం పరుగెత్తుతాం. ఆ తరువాత అది కొంత దానంతటదే తగ్గవచ్చు. వైద్యుని మీది నమ్మకం కూడా కొంత తగ్గిస్తుంది. ఇవన్నీ తీసివేయగా మిగిలేదే సూది గుణం.

అందుకే కొందరికి అసలు సూది, కొందరికి చర్మంలో దిగని ఉత్తుత్తి సూది పెట్టి పోల్చారు. ఇక్కడొక చిక్కుంది. మాత్రలైతే ఒకే రంగులో చేసి రోగికీ వైద్యునికీ తెలియకుండా ఇవ్వవచ్చు. సూది గుచ్చేవారికి ఏది అసలుదో తెలియకుండా ఎలా ఉంటుంది? రోగి కూడా తరచు పసిగడతాడు. పైగా ఈ పరీక్షలు చాలావరకు కొద్దిమంది మీద, కొద్ది వారాలపాటే జరిగాయి.

ఫిజియోథెరపిస్టులు చేసిన డ్రై నీడ్లింగ్‌పై 13 పరీక్షలను 2017లో ఒకచోట చేర్చి సమీక్షించారు. 12 వారాల వరకు నొప్పి కొంత తగ్గుతున్నట్లు తేలింది. కాని ఆ సాక్ష్యాల నాణ్యత 'చాలా తక్కువ' నుంచి 'మధ్యస్థం' వరకే ఉంది. పని చేసుకునే శక్తిలో మాత్రం ఇతర ఫిజియోథెరపీ కంటె ఎక్కువ మేలు కనబడలేదు. దీర్ఘకాలం మేలు నిలుస్తుందనడానికి ఆధారం లేదు. నాణ్యత తక్కువంటే సూది పనిచేయదని అర్థం కాదు. గట్టిగా చెప్పలేమని అర్థం. 'పూర్తిగా పోతుంది' అన్న హామీకి మాత్రం ఆధారం లేదు.

ప్రమాదం ఉందా?

7,629 విడతల చికిత్సను గమనించి 2014లో ప్రకటించిన పరిశీలనలో, నూటికి 19 విడతలలో కమిలిపోవడం, కాస్త రక్తం రావడం, నొప్పి వంటి చిన్న ఇబ్బందులు కలిగాయి. పెద్ద ప్రమాదమేదీ జరగలేదు. అయితే మెడకూ భుజానికీ నడుమ కండరం కిందనే ఊపిరితిత్తి కొన ఉంటుంది. అరుదుగానైనా సూది దానికి తగిలిన సంఘటనలు ఉన్నాయి. సూది తరువాత ఆయాసం, ఛాతీలో పోటు వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు, గర్భిణీలు ఆ సంగతి ముందే చెప్పాలి.

మీరు చేయవలసింది

1. ఏడాదిగా ఉన్న నొప్పి కనుక ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి. చేతిలో తిమ్మిరి, పట్టు తప్పడం, జ్వరం, బరువు తగ్గడం, నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే ఆలస్యం చేయవద్దు. నొప్పితోపాటు ఛాతీ బరువు, చెమటలు ఉంటే అది గుండెజబ్బు కావచ్చు. ఆ క్షణమే వెళ్ళండి.

2. చెయ్యి మరీ చాచకుండా, మెడ వంచకుండా అందేటట్లు కుండ, పీట అమర్చుకోండి. అరగంటకొకసారి లేచి భుజాలు తిప్పండి. సాయంత్రం వేడి కాపడం పెట్టుకోండి. ఫిజియోథెరపిస్టు వద్ద మెడ, భుజం వ్యాయామాలు నేర్చుకుని రోజూ చేయండి.

3. అప్పటికీ సూది వేయించుకోవాలనిపిస్తే, వేసేవారి శిక్షణ ఏమిటో అడగండి. ప్రతిసారీ కొత్త సూది మీ కళ్ళెదుటే విప్పాలి. ఏ విడత డబ్బు ఆ విడతకే ఇవ్వండి. తల దువ్వుకోవడం, రేకులు తీయడం, నిద్ర - ఈ మూడూ ఎలా ఉన్నాయో ముందే రాసిపెట్టుకోండి. మూడు, నాలుగు విడతలకు మార్పు లేకపోతే మానివేయండి. మార్పు కనిపించినా వ్యాయామం మాత్రం మానవద్దు.