జబ్బు పేరు రాశారు, కారణం రాయలేదు



మా పెదనాన్న ఓపీ చీటీ నా దగ్గరే ఉంది. అందులో ఒకటే మాట: 'డిప్రెషన్'. కింద మూడు రకాల మాత్రలు. గోదారి ముంపులో ఊరు పోయి కాలనీ ఇంటికొచ్చినప్పటి నుంచి ఆయనకి నిద్ర లేదు, తిండి సయించదు. పొద్దస్తమానం గోదారి ఉన్న వైపు తిరిగి కూర్చుంటాడు. డాక్టర్ గారు రెండు నిమిషాలు తెలుగులో అడిగారు. పెదనాన్నకి బాధ చెప్పుకోవడం వచ్చేది కోయలోనే. మీ ఊరేది, ఏం పోయింది అని ఎవరూ అడగలేదు.

మాత్రలు వద్దని నేను అనట్లేదు. వాటితో ఆయనకి కాస్త నిద్ర పడుతోంది. నా గొడవంతా ఆ చీటీలో రాయని దాని గురించే.

ఈ జబ్బుల పేర్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. మనుషులు కూర్చుని రాసినవే. 1851లో అమెరికాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు, పారిపోయే నల్లజాతి బానిసలకు 'డ్రాపెటోమేనియా' అనే మానసిక రోగం ఉందని రాశాడు. సంకెళ్లు తెంచుకోవాలనుకోవడం రోగమట. సంకెళ్లు వేసినోడికి మాత్రం ఏ రోగమూ లేదట! స్వలింగ ప్రేమని 1973 దాకా అమెరికా సైకియాట్రిస్టుల సంఘం రోగాల జాబితాలోనే ఉంచింది. ఉద్యమకారులు వాళ్ల సభల్లోకి వెళ్లి నిలదీశాకే తీసేసింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, వాళ్ల వెంట నిలబడ్డ డాక్టర్లు పట్టుబట్టాకే 1980లో పీటీఎస్‌డీ అదే జాబితాలోకి ఎక్కింది. కొట్లాడితే ఒక పేరు పోయింది, కొట్లాడితే ఒక పేరు వచ్చింది.

మనవైపు తప్పు కూడా చెప్పుకోవాలి. 'ఇదంతా బయటోళ్ల చదువు' అని వడ్డె దగ్గరే నెలల తరబడి ఉంచేస్తున్నాం. ఎవరూ లేకపోయినా గొంతులు వినపడి, భయంతో పరుగులు తీసే పిల్లాడికి వైద్యం కావాలి. ఆలస్యమైతే నష్టం వాడికే. వేల్పుల కొలుపులో వచ్చే పూనకం వేరు, ఇది వేరు. ఆచారంలో భాగంగా సమాజం ఒప్పుకున్న పూనకం రోగం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 కూడా చెప్తోంది. మరి మన కొలుపు చూసి 'మెంటల్' అని నవ్వే చదువుకున్నోళ్లు ఏం చదివినట్టు?

అదే ఐసీడీ-11లో 'అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్' అని ఉంది. కష్టం వచ్చాక మొదలయ్యే ఈ బాధ మామూలుగా ఆరు నెలల్లో తగ్గుతుంది, ఆ కష్టం ఇంకా కొనసాగుతుంటే తప్ప. ఆ 'తప్ప' దగ్గరే మనం ఉన్నాం. పోలవరం ముంపులో ఊళ్లు పోయిన కోయలకి, కొండరెడ్లకి కష్టం ఆరు నెలల్లో తీరేదా? ఇప్పచెట్టు లేదు, తునికాకు లేదు, వేల్పుల తావు నీళ్లకింద ఉంది. కష్టాన్ని అలాగే ఉంచి మనిషికి మాత్రం మాత్రలిస్తే సరిపోతుందా?

మనం అడగాల్సినవి అడుగుదాం.

ఒకటి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 22 ప్రకారం, జబ్బు గురించి, వైద్యం గురించి మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. కోయ మనిషికి కోయలో చెప్పించండి.

రెండు: ఇల్లు, ఆర్థిక ఇబ్బందులకి జెడ్59, వివక్షలాంటి సామాజిక సమస్యలకి జెడ్60 అనే కోడ్‌లు ఐసీడీ-10లోనే ఉన్నాయి. జబ్బు పేరు పక్కన అవి కూడా రాయండి. కాగితం మీద లేని నిర్వాసితుడి బాధ ఏ లెక్కలోకీ రాదు.

మూడోది మనకి: పెద్దోళ్లని ఒంటరిగా ఓపీకి పంపొద్దు. చదువుకున్న మనమే పక్కన నిలబడదాం, వాళ్ల మాట మనం చెబుదాం.

వచ్చే వారం పెదనాన్నతో మళ్లీ వెళ్తున్నా. ఈసారి ఆ చీటీలో మా ఊరి సంగతి కూడా రాయమని అడుగుతా.

జై ఆదివాసీ!