ద్రవ హీలియము లేని అయస్కాంతములు

హీలియముతో గుంటూరునకు పాతపరిచయము కలదు. 1868 ఆగష్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరుననే పరికించెను. ఆ యేటి పరిశీలనములనుండియే ఆ మూలకము లోకమునకు తెలియవచ్చినది. నేడో, ఆ వాయువుకొరకు మనము పరదేశముల వాకిట నిలువవలసివచ్చుచున్నది. మన ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రములు పెక్కింటి అయస్కాంతములు వేయి లీటర్లకు మించిన ద్రవ హీలియమున మునిగియున్నవి. 2017లో ఖతారును పొరుగు రాజ్యములు దిగ్బంధింపగా నచ్చటి హీలియము కర్మాగారములు మూతపడెను. ఎచ్చటి తగవునకో ఇచ్చటి రోగి యేల జరిమానా చెల్లింపవలెను?

ఇందులకు మార్గాంతరము లేకపోలేదు. అతివాహక తీగచుట్టను ద్రవమున ముంచక, విద్యుత్తుచే నడచు శీతలయంత్రమునకు లోహపుబంధములతో తగిలించి చల్లార్చవచ్చును. జపానునందలి సెండాయిలో తోహోకు విశ్వవిద్యాలయమువా రీ విధముననే 24.6 టెస్లాల క్షేత్రమును సాధించిరి. ఆసుపత్రులలో వాడుకనున్న 1.5 టెస్లాలకు ఇది పదునారు రెట్లు!

అయినను ఇది సులభకార్యమని మేము చెప్పము. అనేక కిలోవాట్ల విద్యుత్తును మ్రింగు శీతలయంత్రము 4 కెల్విన్ల చలివద్ద తీసివేయగల వేడి యొకటి రెండు వాట్లు మాత్రమే. 20 టెస్లాలవద్ద క్షేత్రపు ఒత్తిడి గాలి యొత్తిడికి 1,500 రెట్లు మించును. అయస్కాంతము చిన్నదైనకొలది కొద్దిపాటి తీగయే యంత బలమును భరింపవలెను. 1986 తరువాత వెలువడిన అధికోష్ణ అతివాహకములం దొకచోట అతివాహకత నశించినచో, ఆ దోషము మెల్లగా వ్యాపించును. వేడి యచ్చటనే కూడుకొని, మనము కనిపెట్టులోపలనే తీగ మాడిపోవచ్చును.

కావున రచనకంటె పరీక్షయే ముఖ్యమని మా యభిప్రాయము. కాగితముమీది లెక్క వాదము మాత్రమే, పరీక్ష సాక్ష్యము. తీగచుట్టను పలుమారులు చల్లార్చి, వేడిచేసి, పూర్ణప్రవాహము నింపి చూడవలెను. విద్యుత్తును బుద్ధిపూర్వకముగా నాపి, అయస్కాంత మెంతసేపు తాళునో కొలువవలెను. ద్రవములేని యంత్రమునకు చలిని నిలువచేయు భాండారము లేదు. కరెంటు తరచుగా పోవు పట్టణమున ఈ పరీక్ష జరుపక కొనుట వివేకము గాదు.

ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటరు వంటి సంస్థలలో అతివాహక అయస్కాంతములను నిర్మించు నిపుణులు మనకు గలరు. వారికి వలయునది ప్రశంస కాదు. తీగ కొనుటకు ధనము, విఫలమైన చుట్టను విప్పి మరల చుట్టుటకు కాలము, ఆ పనిలో శిక్షణ పొందు యువకులు వలయును. మొదటి చుట్ట మాడిపోగానే గ్రాంటు నాపివేయు ప్రభుత్వము పది సంవత్సరముల తరువాత అదే యంత్రమును పదింతల వెలకు దిగుమతి చేసికొనును. ఆ వెల చెల్లించువారు మంత్రులు గారు, రోగులు. ఈ సంగతిని మన శాసనసభ్యులు బడ్జెటు చర్చలలో నడుగుదురుగాక!